కరిచిన వైరు

వికారాబాద్‌లో తెరచాప పడవ నడుపుతానంటే జనం ముందు నవ్వుతారు. తర్వాత నాకేదో అయిందనుకుని జాలిగా చూస్తారు. వాళ్లను అని లాభం లేదు. మాది సముద్రం పేరు వినడమే తప్ప చూడని మెట్ట ప్రాంతం. కంది చేలు, ఎర్రనేల, ఎక్కడ తవ్వినా బండ. అయినా ఊరు దాటాక ఒక ప్రాజెక్టు ఉంది, అందులో నీళ్లున్నాయి, వానాకాలంలో గుట్టల మీది నుంచి దిగే గాలి ఉంది. పడవకు ఇంకేం కావాలి? నవ్వేవాళ్లను నవ్వనిచ్చి చాలా ఏళ్లు ఆ నీళ్ల మీదే బతికాను.

పడవ వచ్చిన కథ చిన్నదే. వయసులో ఉన్నప్పుడు పట్నంలో ఒక చెరువు దగ్గర పడవలు కడిగే పనిలో చేరాను. కడుగుతూ కడుగుతూ తాళ్లు కట్టడం, ఆ తర్వాత నడపడం నేర్చుకున్నాను. అక్కడ ఒక పాత పడవను మూలకు పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. పట్నంలో తాండూరు బండలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలో, బండల దుమ్ము మధ్య పడుకుని అది మా ఊరికొచ్చింది. టీకి ఆపిన చోటల్లా "ఇదేంది, విమానమా?" అని డ్రైవర్ని అడిగారట.

ఆ పడవ నడిమిట్లో అల్యూమినియం కంబం ఉంటుంది. తెరచాప దానికే కడతాం. కంబం తనంతట తాను నిలబడదు. ముందు నుంచి ఒక స్టీలు వైరు, పక్కల నుంచి రెండు, దాన్ని మూడు వైపులా లాగి పట్టుకుని ఉంటాయి. గాలి ఎంత కొట్టినా ఆ దెబ్బంతా వైర్ల మీదే పడుతుంది. ఏ ఒక్కటి తెగినా కంబం విరిగి కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుంది. నేను చెప్పబోయేది ఆ మూడు వైర్ల గురించి. అవి మార్చాలా, ఇంకొన్నాళ్లు ఉంచాలా అని మా బావకూ నాకూ నడిచిన పంచాయితీ గురించి.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. పుట్టింది బంట్వారం వైపు, గొర్లకాపరుల ఇంట్లో. వాళ్ల నాయిన అంగట్లో గొర్రెను కొనేటప్పుడు దాని మొహం కూడా చూసేవాడు కాదట. ఎటో చూస్తూ వీపు మీద అరచెయ్యి పెట్టి, వెన్నుపూసల మీదుగా తోక దాకా లాగి, కొనాలో వద్దో చెప్పేవాడట. బావ గొర్ల వెంట పోలేదు, తాండూరు బండల గనుల్లో పనికి పోయాడు. కానీ ఆ అరచెయ్యి మాత్రం నాయిన దగ్గరి నుంచే తెచ్చుకున్నాడు.

ఆ కాలంలో గనిలోంచి బండలు పైకి లాగడానికి ఒడ్డున పెద్ద ఇనుప కంబం పాతేవాళ్లు. దాన్ని కూడా నాలుగు దిక్కులా వైర్లతో బిగించేవాళ్లు. కింద గుంతలో మనుషులు, పైన గాల్లో వేలాడే బండ. వైరు తెగితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని గనిలో ఒక కట్టుబాటు ఉండేది. వారం పని మొదలయ్యే ముందు ఒక మనిషి వట్టి చేత్తో ప్రతి వైరునూ తడమాలి. చేతికి గుడ్డ చుట్టుకోకూడదు, వైరు వైపు చూడకూడదు. వైరులోని సన్నటి పోగు ఒక్కటి తెగి పైకి లేచినా అది అరచేతిని గీరుతుంది. దాన్ని వాళ్లు 'వైరు కరిచింది' అనేవాళ్లు. కరిస్తే ఆ మనిషి చెయ్యి పైకెత్తి, రక్తం చుక్కను గుంతలోని వాళ్లకు చూపించేవాడు. అంతే, గునపాలు అక్కడే పడేసి అందరూ పైకొచ్చేసేవాళ్లు. సేటు వచ్చి నోరు చించుకున్నా ఆ వైరు దించాల్సిందే. ఆ చెయ్యి ఎత్తే మనిషి మా బావ.

ఆ రోజుల్లో బావను చూడాలి. అబ్బో, ఏం నడక! అక్క పెళ్లయిన కొత్తలో నేను గని దగ్గరికి పోతే, నాకంటే రెట్టింపు వయసున్న మనుషులు బావకు ముందు బీడీ ఇచ్చి తర్వాత వాళ్లు ముట్టించుకోవడం చూశాను. కింద గుంతలో దిగేవాడికి పైనున్నవాడి చెయ్యే దేవుడు మరి.

తర్వాత చక్రాల క్రేన్లు వచ్చాయి. కంబాలు పీకేశారు. కంబాలు పోయాక వైర్లు పోయాయి, వైర్లు పోయాక బావ చేతితో ఎవరికీ పని లేకుండా పోయింది. ఆయన్ను ఎవరూ పొమ్మనలేదు. అక్కడ చెయ్యడానికేమీ లేక తనే ఇంటికొచ్చి కూర్చున్నాడు. అక్క అప్పటికే తాండూరులో ఇంటి ముందు పొయ్యిలు పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఆమె రొట్టె కొడుతుంటే ఈయన పెనం మీద తిప్పేవాడు. గనిలో అందరికీ దేవుడైనవాడు రొట్టెలు తిప్పుతుంటే చూడ్డానికి నాకు మనసొప్పేది కాదు. ఆయన మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు.

పడవ తెచ్చిన కొత్తలో ఆయన ఎగతాళి చెయ్యడానికే ప్రాజెక్టుకొచ్చాడు. "ఏం రా బామ్మర్దీ, ఇంక మునగలేదా నీ నావ?" అన్నాడు.

"మునిగితే నీకే ఫోన్ చేస్త బావా. నీకు ఈత రాదు గద, ఒడ్డున నిలబడి మంచిగ చూస్తవ్" అన్నాను.

నవ్వుతూనే పడవ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. నవ్వు కూడా ఆగిపోయింది. వైర్లను కింది నుంచి పైదాకా చూశాడు. "ఓరి! ఇది మా గని కంబమే గదరా. జర చిన్నగున్నది గంతే" అన్నాడు. కంబం దించమన్నాడు. ఇద్దరం కలిసి దించి ఒడ్డున రెండు మొద్దుల మీద పడుకోబెట్టాం. బావ ఎదుటి గట్టు వైపు మొహం తిప్పి, వైరును పిడికిట్లోకి తీసుకుని నెమ్మదిగా నడిచాడు. రెండో వైరు సగంలో ఆగాడు. వెనక్కి తిరిగి నాకు అరచెయ్యి ఎత్తి చూపించాడు. నడిమధ్యన ఒక ఎర్రటి చుక్క.

"కరిచింది. దించు" అన్నాడు.

నేను ఆ వైరును అంతకుముందు రోజే చూసి బాగుందనుకున్నాను. కోసి విప్పితే లోపల పోగులు నాలుగైదు తెగి ఉన్నాయి. ఆ రోజు బావ మొహంలో కనిపించిన వెలుగు నేను అక్క పెళ్లిలో కూడా చూడలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ వానలు పడే ముందు బావ తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగేవాడు. చేతిలో రొట్టెల డబ్బా, పల్లికారం. ఇద్దరం ప్రాజెక్టుకు పోయి కంబం దించేవాళ్లం. ఆయన వైర్లు తడిమి "మంచిగున్నయి" అనేవాడు. ఆ మాట వచ్చాకే నేను మనుషుల్ని ఎక్కించేవాణ్ణి. సీజనంతా ఆదివారాలు వచ్చి ఒడ్డున కూర్చునేవాడు కూడా. నిరుడు ఒక చిన్నపిల్ల, ఎర్ర గౌనుది, కంబం చూసి భయపడి ఎక్కనని ఏడుస్తుంటే బావే ఎత్తుకుని పడవలో కూర్చోబెట్టాడు. "భయపడకు బిడ్డా, వైర్లన్నీ ఈ మామ చూసిండు" అన్నాడు. ఆ పిల్ల వెంటనే ఏడుపు ఆపేసింది. ఈ భూమ్మీద బావ చేతిని అడిగే కంబం ఇక అదొక్కటే అని నాకప్పుడు అర్థమైంది.

ఈ ఏడు వానలకు ముందు పడవ కడుగుతుంటే ఒక వైరు కొసన గోధుమ రంగు మరక కనిపించింది. వైరు స్టీలు గొట్టంలోకి దూరే చోట, గొట్టం మూతి చుట్టూ. గుడ్డతో తుడిస్తే పోయింది. రెండ్రోజులకు మళ్లీ వచ్చింది. లోపల ఏదో కుళ్లుతోందని నాకు అనుమానం మొదలైంది. పట్నంలో నేను పనిచేసిన చోట ఈ బాధే ఉండేది కాదు. వైరు కంటికి ఎంత మెరిసినా సరే, ఇన్నేళ్లు దాటిందంటే తీసేసేవాళ్లు. నా పడవకున్న రెండు వైర్లు ఎప్పటివో నాకే కాదు, నాకిచ్చినవాళ్లకు కూడా తెలియదు. మూడోది మేం మార్చిందే, అదీ పాతదైపోయింది.

బావకు ఫోన్ చేశాను. "ఈసారి మూడూ మార్చేద్దాం బావా."

"కరిచినయా?"

"కరవలేదు. పాతగైనయి."

"పాతగైతే మారుస్తరా? గట్లైతే ముందుగాల నన్ను మార్చు. మీ అక్కకు కొత్త మొగుణ్ణి తే."

నేను నవ్వాను. అవతల నవ్వు లేదు. ఆ సంగతి ఆలస్యంగా అర్థమైంది నాకు. నా నోరు ఊరుకుంటేనా! "పట్నంల యేండ్లు చూసి మారుస్తరు బావా, చేతులు పెట్టి చూడరు" అన్నాను.

"పట్నమోళ్లకు చేతులేడున్నయి రా? కండ్లద్దాలున్నయి" అని ఫోన్ పెట్టేశాడు. నాలుగు రోజులు ఎత్తలేదు.

ఆదివారం పొద్దున రైలెక్కి తాండూరు పోయాను, మొహం చూపిస్తే అలక తీరుతుందని. అక్క పీట ముందు కూర్చుని జొన్నపిండి ముద్దను అరచేత్తో కొడుతూ రొట్టె చేస్తోంది. బావ పొయ్యి ముందు. నన్ను చూసి "వచ్చిండు పట్నపోడు" అన్నాడు తప్ప తల ఎత్తలేదు. సరేలే, ఆ మాత్రం అన్నాడు కదా అని పక్కన కూర్చున్నాను.

బావ పెనం మీది రొట్టెను తిప్పి, తీసి నిప్పుల మీద వేసి, ఉబ్బగానే వేళ్లతో పట్టుకున్నాడు. పట్టుకుని నా వైపు తిరిగి, వికారాబాద్‌లో వాన పడిందా అని అడుగుతున్నాడు. నేను పడలేదంటున్నాను. రొట్టె ఇంకా చేతిలోనే ఉంది. దాని అంచుకు ఒక నిప్పు కణిక అంటుకుని ఉంది. అది బావ వేలి పక్కనే ఎర్రగా మెరుస్తోంది. చర్మం కాలిన వాసన నాకే ముందు తెలిసింది. అక్క పిండి చేత్తోనే ఆయన చెయ్యి మీద ఒక్కటి కొట్టింది. రొట్టె కింద పడింది.

"నిద్రపోతున్నవా ఏందయ్యా!" అని అరిచింది.

బావ వేలు చూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "ముచ్చట్లల్ల పడి చూడలే" అన్నాడు. నిజంగా మర్చిపోయినవాడిలాగే నవ్వాడు.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి పోతే అక్క నా వెంట వచ్చింది. నీళ్ల తొట్టి దగ్గర గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. తోమడం లేదు.

"తమ్మీ, ఆయన చేతికి తెలుస్తలేదురా" అంది.

షుగరు సంగతి నాకు తెలుసు. కాళ్లు మొద్దుబారాయని, చెప్పు ఊడిపోయినా తెలియకుండా నడుస్తాడని అక్క ఎప్పుడో చెప్పింది. చేతుల దాకా వచ్చిందని తెలియదు.

"ఎప్పటి నుంచి?"

"ఎవలికెర్క? ఆయన చెప్తడా? సూది గుచ్చుకున్నా ఉలుకుండదు. వేడి అసలే తెలుస్తలేదు. నేను చూస్తున్ననని ఆయనకు తెల్వది, ఆయన దాస్తున్నడని నాకు తెల్వనట్టుంట. గిట్లనే నడుస్తున్నది మా సంసారం." కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "నువ్వు అడగకురా. గా వైర్లు చూసే పని ఒక్కటే మిగిలింది ఆయనకు. వానలొస్తున్నయంటే నెల ముందు నుంచే నీ పడవ ముచ్చటే. అది గుడ గుంజుకున్నవంటే మనిషి మంచం పడ్తడు."

నాకు వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఎవరి మీదో తెలియదు. ఆ షుగరు మీదో, చక్రాల క్రేన్ల మీదో, ఇన్నాళ్లూ నోరు విప్పని అక్క మీదో. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని మొహం మాడ్చుకుని వికారాబాద్ దాకా వచ్చాను.

నాకున్నవి రెండే దారులు. బావ చేతిని నమ్మి మనుషుల్ని ఎక్కించలేను. నమ్మనని ఆయన మొహం మీద చెప్పలేను. ఆలోచించి ఆలోచించి మూడో దారి ఒకటి కనిపెట్టాను. కొత్త వైర్లు పట్నంలో చేయించి, బావకు చెప్పకుండా కట్టేస్తాను. పాతవాటిలా కనిపించేలా కాస్త మడ్డి రుద్దుతాను. తర్వాత బావను పిలుస్తాను. ఆయన ఎదుటి గట్టు చూస్తూ కొత్త వైర్లను తడిమి "మంచిగున్నయి" అంటాడు. నిజంగానే మంచిగుంటాయి. ఎవరి నెత్తినా కంబం పడదు, బావ మాట బావకుంటుంది. ఇంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అని నాలో నేనే మురిసిపోయాను. పడవ ఆపేసి, వచ్చినవాళ్లకు గాలి బాగాలేదని చెప్పి పంపించాను. పట్నంలో వైర్లకు చెప్పాను. ఇదిగో అదిగో అని వాళ్లు జరుపుతూ వచ్చారు.

వైర్లు రాకముందే బావ వచ్చాడు.

వారం నడిమధ్యన, చెప్పా పెట్టకుండా. మూడు రోజుల నుంచి ముసురు. ప్రాజెక్టు మీద మబ్బు నీళ్లను తాకేంత కిందికి దిగి ఉంది. నేను షెడ్డులో కూర్చుని తెరచాపకు కుట్లు వేసుకుంటున్నాను. ఆటో దిగి, తలమీద తువ్వాల కప్పుకుని గట్టు మీది నుంచి వస్తున్న మనిషిని చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక తెరచాప పక్కన పడేసి లేచాను.

"పడవ ఆపినవంట?" అన్నాడు వస్తూనే. రొట్టెలకొచ్చిన రైల్వే మనిషెవరో చెప్పాడట.

"గాలి మంచిగ లేదు బావా."

"వానాకాలం గాలి మంచిగ లేదా? నాకు చెప్తున్నవా?" తువ్వాల తీసి విదిలించాడు. "వైర్లు కరవకుండ పడవెట్ల ఆపుతవ్ రా? నా మాట లేకుంట? కంబం దించు."

"వానల ఎందుకు బావా, రేపు..."

"దించు."

ఏమని ఆపను? ఆపడానికి నా దగ్గరున్నది ఒక్కటే కారణం, దాన్ని ఎత్తొద్దని అక్క చెప్పింది. కంబం దించాం. మొద్దుల మీద పడుకోబెట్టాం. జారుతుందేమోనని నేను ఒక కొస పట్టుకున్నాను. బావ చేతులు తడి లేకుండా తువ్వాలకు తుడుచుకుని, దాన్ని భుజాన వేసుకుని, ఎదుటి గట్టు వైపు మొహం తిప్పాడు.

మొదటి వైరు తడిమాడు. "మంచిగున్నది."

రెండోది. "మంచిగున్నది."

మూడోది మరక కనిపించిన వైరు. దాన్ని పిడికిట్లోకి తీసుకుని నడిచాడు. కొసన గొట్టం దగ్గర చెయ్యి ఒక్క క్షణం తట్టుకుంది. చిక్కుకున్న కొంగును లాగినట్టు ఆయన చేతిని లాగి ముందుకు పోయాడు. మొహంలో ఏమీ లేదు. కళ్లు ఎదుటి గట్టు మీదే ఉన్నాయి. చెయ్యి పోయిన చోట తడి వైరు మీద సన్నగా ఎరుపు కనిపించింది. వాన చినుకులు దాన్ని కిందికి జార్చుతున్నాయి.

"ఇది గుడ మంచిగున్నది" అన్నాడు బావ. "నేను చెప్పలే? పాతగైతేంది, గట్టిగున్నయి. ఊకెనే పరేషాన్ అయితవ్ నువ్వు."

 ఆయన గెలిచినవాడిలా నవ్వుతూ నా దగ్గరికొచ్చి, నా భుజం మీద చెయ్యేసి తట్టాడు. నాది తెల్ల చొక్కా. చెయ్యి తీశాక ఆయన చూపు నా భుజం మీద ఆగింది. నవ్వు పోయింది.

"అయ్యో, ఏడ కోసుకున్నవ్ రా?" అని నా చొక్కా పట్టుకుని గబగబా లాగి చూశాడు. "రక్తమొస్తున్నది చూడు. ఏం తాకింది? కంబం తాకిందా?" నా భుజాన్ని వెతికాడు, మెడను వెతికాడు. వెతికిన చోటల్లా కొత్తగా ఎరుపు అంటుకుంటోంది.

"బావా" అన్నాను. ఆయన చేతి వైపు చూశాను.

అప్పుడు ఆయన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. అరచేతి మధ్య నుంచి చిటికెన వేలి మొదలు దాకా చర్మం చీరుకుపోయి ఉంది. చుక్క కాదు. వానలో పలచబడి మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. ఆయన దాన్ని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. రెండో చేతి బొటనవేలితో ఆ గాయాన్ని నొక్కాడు. ఇంకోసారి గట్టిగా నొక్కాడు.

చాలాసేపటికి ఆ అరచేతిని నాకు ఎత్తి చూపించాడు. గనిలో గుంతలోని వాళ్లకు చూపించేవాడే, అట్లాగే.

"కరిచింది" అన్నాడు. "దించు."

పట్టకారు తీసుకుని ఆ వైరును తనే విప్పాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. గొట్టం మూతి దగ్గర సగం పోగులు తెగి, కొక్కేల్లా పైకి లేచి ఉన్నాయి. ఈ ఏడు గాలికి ఆ వైరు నిలిచేది కాదు. షెడ్డులో కూర్చోబెట్టి గాయం కడిగి గుడ్డ కట్టాను. కడుతుంటే బిగువుగా ఉందా అని అలవాటు కొద్దీ అడిగాను. అడిగాక నా నాలుక కోసుకోవాలనిపించింది.

"మీ అక్క చెప్పిందా?" అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"చెప్పే ఉంటది." బయట వాన వైపు చూస్తూ కూర్చున్నాడు. చేతి గురించి బాధపడుతున్నాడనుకున్నాను. మనిషిని ఏం చెప్పి ఓదార్చాలా అని వెతుక్కుంటున్నాను. ఆయన ఆలోచన అక్కడ లేదు.

"నిరుడు గుడ గీ చెయ్యే గదరా చూసింది" అన్నాడు.

"నిరుడు మంచిగనే ఉండె బావా."

"నీకెట్ల ఎర్క? నాకే ఎర్కలేదు." గుడ్డ కట్టిన చెయ్యి చూసుకుంటూ, "ఎర్ర గౌను పిల్ల యాదికున్నదా?" అన్నాడు.

గుర్తులేదన్నాను. ఆయన నమ్మలేదు. ఆ రోజు తెచ్చిన రొట్టెల డబ్బా మూత కూడా తియ్యకుండా రైలెక్కాడు.

కొత్త వైర్లు తర్వాతి వారం వచ్చాయి. మడ్డి రుద్దే పని లేకపోయింది. కట్టే రోజు రమ్మంటే బావ రాలేదు. "నువ్వే చూస్కో" అన్నాడు ఫోన్‌లో. వైర్లను ఇప్పుడు నేనే తడుముతున్నాను. నాకు బావ చెయ్యి లేదు. ప్రతి చోటా ఏదో గీరినట్టే ఉంటుంది, భయపడి మళ్లీ మొదటి నుంచి తడుముతాను. అందుకని ఏ వైరు ఎప్పుడు కట్టానో గుర్తుపెట్టుకుని, ఏళ్లు నిండగానే కరిచినా కరవకున్నా తీసేయాలని నిర్ణయించుకున్నాను. అదే సరైన పద్ధతి, నాకు తెలుసు. బావ దగ్గర ఆ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం అక్క ఆయన్ను బలవంతాన వెంటబెట్టుకుని వచ్చింది. మనిషి సగమయ్యాడు. పడవ దగ్గరికి రాకుండా గట్టు మీదే నిలబడ్డాడు, చేతులు రెండూ తువ్వాల కింద దాచుకుని. ఆ రోజు ఒక కుటుంబం పడవ ఎక్కడానికొచ్చింది. వాళ్ల పిల్ల కంబాన్ని చూసి వెనకడుగు వేసి, అక్కడ నిలబడ్డ పెద్దమనిషి కనుక బావ వైపే చూసి, "ఇది పడిపోదా?" అని అడిగింది.

బావ ఆ పిల్ల ఎత్తుకు వంగాడు. చేతులు మాత్రం బయటికి తియ్యలేదు.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాడు. "నేను చూడలే. గా మామను అడుగు."

పిల్ల నా వైపు తిరిగింది.